సెలవు రోజుల రక్తం

మా ఆఫీసు హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండలో ఒక కుట్టుమిషన్ల రిపేరు షాపు పైన ఉండేది. చెదలకు, బొద్దింకలకు, గోదాముల్లో పప్పులకు పట్టే పురుగులకు మందు కొట్టే చిన్న కంపెనీ. తొంభైల మధ్యలో అందులో సూపర్‌వైజరుగా చేరాను. గుంటూరు వైపు నుంచి వచ్చి, బీఎస్సీ చదివినవాణ్ణి కాబట్టి మందు డబ్బాల మీది చిన్న అక్షరాలు నాకు అర్థమవుతాయని యజమాని నమ్మాడు. చదవడమైతే చదివేవాణ్ణి. అందులో ఎంత బుర్రకెక్కిందో ఇప్పటికీ నాకే సరిగా తెలియదు.

పురుగుమందు కొట్టే మనిషిని పనిలో చేర్చుకునే ముందు ఒకసారి, ఆ తరువాత ఏటా డాక్టరు చేత పరీక్ష చేయించాలని చట్టం. మేము వాడే మందుల్లో కొన్ని నరాల మీద పనిచేసేవి. వాటి దెబ్బ ముందు రక్తంలోని ఒక ఎంజైములో కనబడుతుంది. ఆ మనిషికి మామూలుగా ఉండే స్థాయి కంటే అది బాగా పడిపోతే, కోలుకునేదాకా అతన్ని మందు దగ్గరికి రానివ్వకూడదు. ఇదంతా మా వాళ్లకు విడమరిచి చెప్పవలసింది నేను. "రక్తపరీక్షలో నంబరు తగ్గిందంటే మందు కొట్టే పంపు ఇవ్వను" అని మాత్రం చెప్పాను. ఎందుకు తగ్గుతుందో చెప్పినట్టు గుర్తు లేదు.

మా వాళ్లలో పెద్దవాడు మాదన్నపేట నుంచి వచ్చేవాడు. అందరూ అతన్ని ఉస్తాద్ అనేవారు. మొదటిసారి నంబరు తగ్గింది అతనికే. వానలకు ముందు చెదల పని ముమ్మరంగా నడుస్తున్న రోజులవి. చట్టం చెప్పినట్టే పంపు తీసేసుకుని, ఆఫీసులో కూర్చోబెట్టి ఫోన్లు ఎత్తమన్నాను. మిగతావాళ్లు ఊరుకుంటారా?

"ఉస్తాద్‌కు సప్లిమెంటరీ వచ్చింది భాయ్! మళ్ల రాయాలె!"

"ఫోన్ జర దూరంకెళ్లి ఎత్తు ఉస్తాద్, అండ్ల గూడ మందుంటది!"

అతను నవ్వలేదు. కొన్ని వారాలకు నంబరు పెరిగింది, పంపు మళ్లీ భుజానికెక్కింది. మరుసటి ఏడు పరీక్ష దగ్గర పడుతుండగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సార్, టెస్టుకు ముంగట జర ఛుట్టీ ఇయ్యున్రి. ఇంటికాడ ఉంటే రక్తం సాఫ్ అయితది."

"సెలవు పెడితే సరిపోతుందా?"

"ఎందుకు సరిపోదు సార్? పోయినసారి గట్లనే అయింది గదా. ఖాళీగ కూసోంగనే నంబర్ పెరిగె."

అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కొన్ని వారాలు సెలవు ఇచ్చాను. నంబరు బాగా వచ్చింది. ఆ తరువాతి ఏడు అందరూ అడిగారు, వంతులవారీగా అందరికీ ఇచ్చాను. అలా అది మా ఆఫీసులో ఒక ఆనవాయితీ అయిపోయింది. ఆ సెలవుల్లో ఒకడు రోజూ మేక కాళ్ల పాయా తాగేవాడు, ఒకడు బీట్‌రూట్ తినేవాడు, ఇంకొకడు బహదూర్‌పురాలో అత్తగారింటికి పోయి పడుకునేవాడు. పరీక్ష రోజున తలంటుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని ల్యాబుకు వచ్చేవాళ్లు. రక్తం ఇచ్చాక నేను బిస్కెట్లు పంచేవాణ్ణి. తనిఖీకి వచ్చిన అధికారి నంబర్లు చూసి తలూపి వెళ్లేవాడు. నాకు సంతోషంగా ఉండేది. మా మనుషుల్ని బాగా చూసుకుంటున్నానని నిజంగానే అనుకున్నాను.

పని ఆ మనిషిని ఏం చేస్తున్నదో చెప్పడానికి పెట్టిన పరీక్ష అది. మేము మనిషిని పనికి దూరంగా ఉంచి రక్తం తీస్తున్నాం. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్పలేను. స్కూటరు మీద పోతుంటేనో, టీ తాగుతుంటేనో వచ్చేది. ఎవరికీ పంపు పోలేదు కదా అని సర్దుకునేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటాక ఉస్తాద్ చేతులు వణకడం మొదలైంది. కొలపాత్రలోకి మందు ఒంపుతుంటే బయట పడేది. చెదల మందు పోయడానికి గోడ వారన డ్రిల్లుతో వేసే రంధ్రాలు వంకర పోయేవి. ఎండాకాలం కాకపోయినా చెమటతో చొక్కా తడిసిపోయేది. ఒకరోజు అతని భార్య ఆఫీసు మెట్లెక్కి వచ్చింది.

"సారూ, మా ఆయనకు అన్నం కలుపుకోనీకి వస్తలేదు. ముద్ద నోట్లకు పోయేలోపల సగం కిందనే పడుతుంది. ఏమైందో జర సూపియ్యున్రి."

అతన్ని మా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన పాత నంబర్లన్నీ వరసగా చూశాడు. తగ్గిన ఆ ఒక్కసారి తప్ప అన్నీ బాగున్నాయి.

"మందు వల్ల అయితే ఇన్నేళ్లలో ఇక్కడ ఎక్కడో కనబడాలి కదా? రక్తం తీసేటప్పుడు రోజూలాగే మందు కొడుతున్నాడా?"

ఉస్తాద్ తన చెప్పుల వైపు చూస్తున్నాడు. "కొడుతున్నాడండి" అన్నాను.

షుగరు చూశారు, లేదు. తాగుతావా అని అడిగారు, లేదన్నాడు. బలానికి మాత్రలు రాసిచ్చారు. బయటికి వచ్చాక అతను నా చేయి పట్టుకున్నాడు. అతని వణుకు నా చేతిలోకి వచ్చింది.

"శుక్రియా సార్. ఇజ్జత్ కాపాడిన్రు. లేకుంటే మళ్ల ఫోన్ల కాడ కూసోబెడుతుండె."

నేను అబద్ధమాడానని అతనికి తెలుసు. అందుకే కృతజ్ఞత చెప్పాడు. ఆ కృతజ్ఞతను ఎలా తీసుకోవాలో తెలియక, అతనికి టీ ఇప్పించి ఆటో ఎక్కించాను.

కొన్ని వారాలు గడిచాయి. మాత్రలు అయిపోయాయి, వణుకు అలాగే ఉంది. చివరికి ఒక్కణ్ణే డాక్టరు దగ్గరికి వెళ్లి సెలవుల సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంట్లో పడుకున్న మనిషి రక్తం చూపించి, పనిలో ఉన్న మనిషికి ఏమైందని నన్ను అడిగారన్నమాట. రేపు పని మధ్యలోంచి తీసుకురండి."

ఆ మాట ఉస్తాద్‌కు చెబితే పెద్ద లొల్లి అయింది.

"ఇన్నేండ్లు నువ్వే పాస్ చేపిస్తివి, ఇప్పుడు నువ్వే ఫెయిల్ చేస్తవా సార్? పంపు తీసుకుంటే నేనేం చెయ్యాలె? నీ లెక్క కుర్సీల కూసోనీకి నాకు చదువున్నదా?"

అయినా వచ్చాడు, చొక్కాకు మందు వాసనతోనే. నంబరు బాగా పడిపోయి ఉంది. పంపు తీసేసుకున్నాను. ఈసారి ఎవరూ వెక్కిరించలేదు. కొన్ని నెలలకు నంబరు పూర్తిగా కోలుకుంది. చేతులు కోలుకోలేదు. రక్తం బాగున్నప్పుడు చేయి ఎందుకు వణుకుతుందని డాక్టరును అడిగాను. ఏళ్ల తరబడి తగిలిన మందు వల్ల కావచ్చు, ఏ సంబంధమూ లేని మరో నరాల జబ్బు కావచ్చు అన్నాడు. ఆ ఏళ్లలో పనిలో ఉండగా తీసిన రక్తం ఉంటే కొంతైనా చెప్పగలిగేవాణ్ణి అన్నాడు. ఆ రక్తం ఎక్కడా లేదు.

ఆ ఏడాది నుంచి సెలవులు ఆపేశాను. ఇద్దరికి నంబరు తగ్గింది. అందులో ఒకడు, ఏ పరీక్షలూ లేని ఇంకో కంపెనీకి వెళ్లి అదే మందు కొడుతున్నాడని తెలిసింది. అతన్ని కాపాడానా, అసలెవరూ చూడని చోటికి తోసేశానా? దీని గురించి ఉస్తాద్‌నే అడగాలనిపించి, ఒక ఆదివారం సాయంత్రం మాదన్నపేట కూరగాయల మార్కెట్టు వెనక ఉన్న వాళ్ల ఇంటికి వెళ్లాను. అప్పటికి అతను పని మానేశాడు.

నేను నోరు తెరవకముందే అతనే అడిగాడు.

"సార్, నిజం చెప్పు. ఇది మందు చేసిందా, నా ఒంట్లనే ఉన్నదా? డాక్టర్ గిట్ల గాని గట్ల గాని చెప్తలేడు. నువ్వైతే మొదటిసంది నా పక్కనే ఉన్నవ్ గదా."

మందు అంటే, అన్నేళ్లు పంపు భుజాన పెట్టింది నేనే. మందు కాదు అంటే, మరో అబద్ధం కావచ్చు. నిజమైనా కావచ్చు. రెండు మాటలూ నోటిదాకా వచ్చాయి.

"నాకు తెలియదు ఉస్తాద్" అన్నాను. "తెలిసే దారి ఒకటి ఉండేది. సెలవులిచ్చి నేనే పోగొట్టాను."

"అడిగింది నేను, ఇచ్చింది నువ్వు" అన్నాడు. "ఏందో సార్, నాకేం సమజైతలేదు."

అతని భార్య టీ తెచ్చింది. అతని గ్లాసులో సగమే పోసి, పక్కన కూర్చుని తనే పట్టుకుని తాగించింది. నేను నా గ్లాసు ఎత్తలేక, అలాగని కింద పెట్టలేక, చేతిలో పట్టుకుని కూర్చున్నాను.