ఉల్లిగడ్డల సంచి

వీపున బియ్యం నింపిన బ్యాగుతో నారాయణగూడలో సిటీ బస్సెక్కాను. నిలబడ్డవాళ్ల బ్యాగులు కూర్చున్నవాళ్లు ఒళ్లో పెట్టుకోవడం మా బస్సుల్లో మర్యాద. సీట్లో ఉన్న పెద్దావిడ చెయ్యి చాచింది.

"ఇటియ్యి బిడ్డా, నేను పట్టుకుంట."

"వద్దమ్మా, కావాలనే మోస్తున్నాను. ఆఫ్రికాలో కిలిమంజారో అనే అగ్నిపర్వతం ఎక్కబోతున్నాను. ఇది ప్రాక్టీసు."

"గట్లనా? అయితే ఇది గూడ పట్టు!" అంటూ తన ఉల్లిగడ్డల సంచి నా చేతికి తగిలించింది. బస్సంతా నవ్వింది. నేనూ పంతంకొద్దీ చిక్కడపల్లి దాకా మోశాను. దిగేముందు సంచి అందుకుని, "ఎక్కుతవ్ పో!" అంది.

కిలిమంజారో చివరి ఎత్తులో నాకు ఊపిరి అందలేదు. గైడు నా బ్యాగు కోసం చెయ్యి చాచాడు. ఇవ్వలేదు.

శిఖరం మీద నిలబడేసరికి మేఘాలు నా కాళ్ల కింద ఉన్నాయి. గొంతెత్తి అరిచాను:

"అమ్మా, నీ ఉల్లిగడ్డలు కూడా తెచ్చేదాన్ని!"