సాక్ష్యంగా చెప్పిన నొప్పి

చాంద్రాయణగుట్టలో మా ప్రార్థన మందిరం ఒక వెల్డింగ్ షాపు మీది అంతస్తులో ఉంది. ఆదివారం ప్రసంగానికి ముందు, దేవుడు మేలు చేసినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పడం మా సంఘంలో అలవాటు. ఆ ఆదివారం నా భార్య లేచింది.

"నిన్న బియ్యం బస్తా జరుపుతుంటే ఛాతి మీద బండ పెట్టినట్టయింది. ఎడమ చెయ్యి, దవడ గుంజినయి. ఒళ్లంతా చెమట. కూసొని ప్రార్థన చేసిన. కొంచెం సేపట్ల అంతా పోయింది," అంది. నావైపు చూసి, "మా ఆయన మోకరించేలోపే దేవుడు తీసేసిండు. ఈయన ప్రార్థన మస్తు పొడుగు గదా," అని నవ్వించింది.

అందరం స్తోత్రం అన్నాం.

ఆ వారంలోనే, ఆరేసిన బట్టలు తెస్తూ మెట్ల మీద కూలబడింది. మళ్లీ అదే బరువు. ఆటో పిలుస్తానన్నాను.

"ఆగుండ్రి. మొన్నటి లెక్కనే పోతది. అందరి ముందట సాక్ష్యం చెప్పి, ఇప్పుడు దవాఖానకు పోతే దేవుని పేరు ఏం గావాలె?"

పక్కనే మోకరించాను. ఈసారి నొప్పి పోలేదు. పెదవులు తెల్లబడ్డాక ఎత్తుకుని ఆటో ఎక్కించాను. ఫ్లైఓవర్ కింద బస్సుల మధ్య ఇరుక్కుపోయాం. అక్కడే, నా చేతిలోనే, ఆమె చెయ్యి చల్లబడింది.

"ఇంతకుముందు ఇట్లా వచ్చిందా? ఎవరికైనా చెప్పిందా?" అని దవాఖానలో డాక్టరమ్మ అడిగింది.

"సంఘమంతటికీ చెప్పింది," అన్నాను.

పని చేస్తే వచ్చి కూర్చుంటే తగ్గే నొప్పి నయమైనట్టు కాదనీ, అది గుండె ముందుగా పంపే కబురనీ, ఆ రోజే తీసుకురావలసిందనీ ఆమె మెల్లగా చెప్పింది.

నాకు దేవుడి మీద అనుమానం లేదు. అదే నా బాధ. లేడనుకుంటే ఎవరినీ అడగనక్కర్లేదు. ఉన్నాడు, వింటున్నాడు. మోకరిస్తే నాకే మాట రావడం లేదు. ఆమేన్ ఒక్కటే అని లేస్తున్నాను.

మొన్న ఆదివారం నా పక్కన కూర్చున్న ఆటో డ్రైవరు లేచాడు. బండి నెడుతుంటే ఛాతి పట్టేసిందనీ, చెయ్యి గుంజిందనీ, చెమటలు పోశాయనీ, ప్రభువా అనగానే పోయిందనీ చెప్పాడు. స్తోత్రం అన్నారు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

"తమ్మీ, ఇప్పుడే దవాఖానకు పోదాం. నేనొస్త."

"వదిన పోయినప్పటిసంది మీకు భయం పట్టిందన్నా," అని జాలిగా నవ్వాడు. "నాకేం కాదు. దేవుడు తీసేసిండు."

పాట మొదలైంది. చప్పట్లు కొట్టడానికి అతను నా చేతిలోంచి తన చెయ్యి విడిపించుకున్నాడు.