కాంతమ్మక్కకు నచ్చిన కోణాల అక్షరాలు

మొన్న గిద్దలూరు బస్టాండులో దిగగానే కొత్త ఫ్లెక్సీ వాసన గుప్పుమంది. తలెత్తి చూస్తే ఎవరింటిదో ఓణీల ఫంక్షను. పిల్ల పేరు నేను గీసిన అక్షరాల్లో ఉంది. నెమలి బొమ్మ పక్కన కత్తుల్లా నిలబడి ఉన్నాయవి. ఒళ్లు మండింది. ఇదంతా కాంతమ్మక్క చలవే.

అక్క మార్కాపురంలో ఫ్లెక్సీల దుకాణం నడిపేది. డిగ్రీ అయ్యాక నేను అక్కడే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గుండ్రటి మన అక్షరాలను పలకరాయి విరిగిన అంచుల్లా గీయాలని సరదా పుట్టింది. వంపులన్నీ తీసేసి, తలకట్టును రెండు గీతలుగా విరిచి, సున్నాను చదరం చేసి, నెలల తరబడి కష్టపడి ఒక ఫాంటు తయారుచేశాను. కబడ్డీ పోటీల బోర్డు మీద 'సింహాలు' అని నిలువెత్తున వేస్తే జనం ఆగి చూశారు. అదే నా కొంప ముంచింది. ఆనాటి నుంచి అక్క చెవులు కుట్టే ఫంక్షనుకూ అదే వాడింది, చర్చి పండక్కీ అదే, చివరికి శ్రద్ధాంజలికీ అదే. అడిగిన దుకాణాలవాళ్లకల్లా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేసింది కూడా.

"ఒకటి రెండు మాటలు పెద్దగా వేసుకోడానికే అక్కా ఇది. ఏడ్చేవాళ్లకు ఈ మొనలేంది?" అంటే, "నువ్వే చేసి నువ్వే వద్దంటావేందే?" అనేది.

ఒకసారి చంద్రశేఖరపురం వైపు ఊరివాళ్లు బోరుకు బోర్డు కావాలని వచ్చారు. ఫ్లోరైడు నీళ్లు. 'ఈ నీళ్లు తాగరాదు' అని వేయాలి. "దీనికి మాత్రం వద్దక్కా, గ, ర, ద మూడూ పెట్టెల్లాగే ఉంటాయి" అని మొత్తుకున్నాను. అక్క నవ్వి ప్రింటుకు పంపింది.

బోర్డు కట్టించడానికి ఇద్దరం ఆటోలో పోయాం. కట్టడం అయిందో లేదో, ఒక ముసలామె వచ్చి బోరు ట్యాంకు కుళాయి కింద బిందె పెట్టింది.

"అవ్వా, బోర్డు చూళ్లేదా?" అంది అక్క.

"చూసినా గదమ్మా. ఏదో కొంచెం చదువుకున్నదాన్నే. అది మన తెలుగు కాదు గదా."

అక్క ముఖం మాడిపోయింది. బోర్డు ఊడబీకించి, ఎర్ర రంగూ బ్రష్షూ తెప్పించి, ట్యాంకు గోడ మీద గుండ్రటి అక్షరాలతో తానే రాసింది. అవ్వ కూడబలుక్కుని చదివేదాకా అక్కడినుంచి కదల్లేదు. "మరి తాగే నీళ్లు యాడ తెచ్చుకోవాల?" అంది అవ్వ. అక్క బిందె ఖాళీ చేసి, అవ్వను ఆటో ఎక్కించుకుని మంచినీళ్లు వెతకడానికి పోయింది. రంగు ఆరేదాకా కాపలాగా నన్ను ఎండలో వదిలేసింది.

మార్కాపురం తిరిగొచ్చేటప్పుడు నా మీదే అరిచింది. "గట్టిగా చెప్పొద్దా నువ్వు?"

"చెప్పినా గదక్కా!"

"గొణిగినావు. తప్పని తెలిస్తే నా చేతిలో మౌసు గుంజుకోవాల."

కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు. మరునాడు మళ్లీ ఒక పెళ్లి ఫ్లెక్సీకి అదే ఫాంటు! అయితే, ఊరికి పనికొచ్చే బోర్డు ఏది వచ్చినా నా కుర్చీ దగ్గరికి తెచ్చి, "నువ్వు చెప్పు" అని నిలబడేది.

అక్క ఇప్పుడు లేదు. నేను హైదరాబాదులో అక్షరాలు గీసే పనిలోనే ఉన్నాను. కొత్తది ఏది గీసినా మెట్లు దిగి వాచ్‌మన్ భార్య చేత చదివిస్తాను. ఆమె తడబడిన చోట, ఎంత ముచ్చటపడి గీసినదైనా చెరిపేస్తాను. చెరిపిన ప్రతిసారీ అక్క మీద కోపం వస్తుంది.