స్టార్ట్ కాని రంపం

“ఇది స్టార్ట్ కాదన్నా,” అని డ్రైవరుతో చెప్పి, నా పక్కనున్న ప్రయాణికుడు ఒళ్ళోని పాత పెట్రోలు రంపాన్ని గోనెసంచితో కప్పేశాడు.

గాలివానకు తుమ్మచెట్టు అడ్డంగా కూలి, కృష్ణపట్నం రోడ్డు మీద మా బస్సు ఆగిపోయింది. వెనక సీట్లో ఒకామె జ్వరంతో మూలుగుతున్న బిడ్డను నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోతోంది. పాత రంపాలు వెతికి తెచ్చి బాగుచేస్తానని అంతదాకా అతను నాకు మురిపెంగా చెబుతూ వచ్చాడు.

“స్టార్ట్ కాకపోతే దేనికి మోస్తుండావు, జోకొట్టేదానికా?” అన్నాడు డ్రైవరు.

అతను దిగి, చెట్టు నరకడానికి వచ్చిన ఊరివాళ్ళ దగ్గర గొడ్డలి అందుకుని, అరచేతులు బొబ్బలెక్కేదాకా అందరికంటే ఎక్కువ నరికాడు. తిరిగొచ్చి కూర్చుని, నా వైపు చూడకుండా అన్నాడు: “నిన్న కూడా స్టార్ట్ అయిందన్నా. పెట్రోలు ఉండాది. దీని చైను తెగితే మళ్ళీ దొరకదు.”

ఆసుపత్రి దగ్గర దిగుతూ ఆమె అతనొక్కడికే దండం పెట్టింది. అతను తల ఎత్తలేదు. ఆ బిడ్డ సంగతి ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.