పెళ్ళి గుర్రానికి బండి చూడటం

కంకిపాడు సత్యం ముప్పై ఏళ్ళు బండలాగుడు పందేలకు ఎడ్లను మేపాడు. ఆయన ఎడ్లు బరిలోకి దిగుతుంటే ఊరి పొలిమేర రాళ్ళు కూడా కాస్త సర్దుకుని కూర్చునేవి. మోకాళ్ళ నొప్పులొచ్చాక వాటిని అమ్మేసి, ఒక తెల్లటి ఆడగుర్రాన్ని కొన్నాడు. దాని పేరు చిలక. బెజవాడ చుట్టుపక్కల ఏ పెళ్ళికొడుకు ఊరేగినా చిలక మీదే. సత్యం ఇల్లు గడిచేదీ దాని మీదే.

పోయిన వేసవిలో అద్దె లారీలో వెళ్తూ చిలక జారి పడింది. అప్పటినుంచి లారీ కనిపిస్తే నాలుగు కాళ్ళూ బిగబట్టి నిలబడిపోయేది. సత్యం దానికోసం లోపలంతా మెత్తలు కుట్టిన ట్రెయిలరు చేయించాడు. ఇందులోనూ ఒకసారి బెదిరిందంటే చిలక ఇక జన్మలో బండెక్కదు. అందుకే ట్రెయిలరును లాగే బండిని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూడాలనుకున్నాడు.

ఆయనకు తెలిసిన పరీక్ష ఒక్కటే. పాత పందెం బండను పొలంలోకి తెప్పించాడు. మూడు బండ్లు వచ్చాయి: పక్కింటివాళ్ళ ట్రాక్టరు, మరియదాసు చేపల పెట్టెలు వేసే పాత జీపు, అల్లుడు భానుచందర్ కొత్త కారు.

ట్రాక్టరు బండను అప్పడంలా లాక్కుపోయింది.

"దీంతో పెళ్ళికి బయల్దేరితే శోభనానికి చేరతామండీ," అంది సత్యం భార్య రావమ్మ.

జీపు దగ్గుతూ, నాలుగు గజాలకొకసారి ఆలోచించుకుంటూ లాగింది. కారు మాత్రం ఒక్క ఊపున లాగేసింది. బండ కింద లేచిన నిప్పురవ్వలతో గట్టుమీద ఇద్దరు చుట్టలు వెలిగించుకున్నారు. నేను కళ్ళారా చూశాను, కాబట్టి కొంచెం తగ్గించే చెబుతున్నాను.

సత్యం కారు బానెట్ నిమిరి, వంగి చక్రాలు తడిమాడు.

"గిట్టలు బాగున్నాయి అల్లుడుగారూ."

"టైర్లు మామయ్యగారూ."

"ఏదో ఒకటి. మెడ కూడా గట్టిదే."

"కాస్త చిట్టూ తవుడూ కలిపి పెట్టండి మరి," అంది రావమ్మ. ముందు చిలక బరువుకు సరిపడా ధాన్యం బస్తాలు వేసి తిప్పి చూడమని కూడా అంది.

బస్తాల ట్రెయిలరుతో కారు కాలవ వంతెన హాయిగా ఎక్కింది. దిగేటప్పుడు భానుచందర్ బ్రేకు తొక్కాడు. కారు ఆగుదామనుకుంది. వెనక ట్రెయిలరు ఒప్పుకోలేదు. తోసుకుంటూ తోసుకుంటూ కారును తీసుకెళ్ళి గడ్డివాములో దూర్చింది.

"మేతకి అదే వెళ్ళింది," అంది రావమ్మ, అల్లుడి నెత్తిమీద గడ్డి దులుపుతూ.

సత్యం నవ్వలేదు. బస్తాల చోట చిలక ఉన్నట్టు ఊహించుకున్నాడు.

"లాగిందిగా మరి," అన్నాడు.

"లాగింది. ఆపలేకపోయింది. మీకు తెలిసింది పందెం ఎడ్లేగా. మా నాన్న బండెడ్లను కొనేముందు బస్తాలేసి గట్టు దింపి చూసేవాడు. బరువు మీదికొస్తుంటే కాళ్ళు తన్నిపెట్టి ఆపే జతనే కొనేవాడు."

జీపును కట్టారు. అది కారుకన్నా బరువు, సత్యంకన్నా మొండి. వంతెన ఎక్కించడానికి మరియదాసు దాన్ని మూడుసార్లు బతిమాలాడు. దిగేటప్పుడు మాత్రం ఎక్కిన గేరులోనే, పేరంటానికి వచ్చిన పెద్దముత్తయిదువులా దిగింది. సగంలో ఆపితే ఆగింది. ట్రెయిలరు కిక్కురుమనలేదు.

"గుర్రానికి చేపల వాసన పడుద్దో లేదోనండి," అన్నాడు మరియదాసు.

"కుంకుడుకాయలతో కడుగుతాలే," అంది రావమ్మ.

ఆదివారం మంగళగిరిలో పెళ్ళి. చిలకను ట్రెయిలరెక్కించడానికి అరగంట, అరకిలో బెల్లం పట్టాయి. దారంతా సత్యం వెనక్కే చూస్తూ కూర్చుని మెడ పట్టేసేలా చేసుకున్నాడు. దిగాక చిలక ఒళ్ళు తడిమి చూశాడు. చెమట లేదు. అయినా నమ్మకం కుదరలేదు. తిరిగి ఎక్కితేనే లెక్క.

ఊరేగింపు మండపం ముందుకొచ్చి ఆగింది. సత్యం బెల్లం కోసం జేబులో చెయ్యి పెట్టేలోపే చిలక బాజాలవాళ్ళను తప్పించుకుని, గబగబా నడిచి, తనంతట తానే ట్రెయిలరెక్కి నిలబడింది.

సత్యం కళ్ళు తుడుచుకున్నాడు. "ఎక్కిందిరా మరియదాసూ."

"ఏవండీ," అంది ట్రెయిలరు లోపలినుంచి ఒక సన్నటి గొంతు. "నేనింకా దిగలేదండీ."