అగ్గిపెట్టె సారు

మా యూనివర్సిటీ ఇంజనీరు సారు బీడీ తాగడు, కానీ జేబులో అగ్గిపెట్టె లేకుండా కనిపించడు. చిన్నప్పుడు చర్ల ఊరి దగ్గర వాళ్ల గుడిసె కాలిపోయిందట.

లైబ్రరీ పడమటి గోడ ఎండకు పెనంలా వేడెక్కుతోందని విద్యార్థులం మేమే పోరుపెట్టాం. వేడి ఆపేందుకు గోడకు బయట అతికించే ఫోం షీట్లు లారీలో వచ్చాయి. సారు ఒక ముక్క విరిచి అగ్గిపుల్ల గీశాడు. నల్లటి పొగతో భగ్గున అంటుకుంది.

"వాపస్ తీస్కపో" అన్నాడు కాంట్రాక్టరుతో.

నిప్పంటుకోని రకం వచ్చేసరికి ఎండాకాలం అయిపోతుందని సారును తిట్టుకున్నాం. మర్నాడు ఆయన టేబుల్ లైబ్రరీలో ఆ గోడ పక్కకు చేరింది. చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుపోయింది.

"ఉడకపోస్తలేదా సార్?" అని అడిగాను.

"మీకు ఉడకపోస్తలేదా బిడ్డా? గందుకే ఈడ కూసున్న."