ఆస్కా వెళ్ళిన పడవ

మా ఆయనది ట్యూనా చేపల పడవ. ఏ దేశానిదీ కాని దూరపు సముద్రంలో వేటకు పర్మిషన్ వచ్చినప్పుడు, మత్స్యశాఖ ఆఫీసువాళ్ళు పడవలో ఒక తెల్ల డబ్బా బిగించారు. పడవ ఎక్కడుందో ఛత్రపూర్‌లో వాళ్ళ తెర మీద కనిపిస్తుందట. ‘‘దీని పచ్చలైటు ఎప్పుడూ ఆరిపోకూడదు. ఆరిందా, దొంగవేట కిందే లెక్క. పర్మిషన్ పోతుంది’’ అని మళ్ళీ మళ్ళీ చెప్పారు.

ఆరిపోకూడదన్న మాట మా అత్త చెవిన పడింది. ఇంకేముంది! ఆవిడకు తెలిసి ఆరిపోకూడనిది ఒక్కటే, అఖండ దీపం. జెట్టీలో ఇంజను రిపేరుకని పడవ బ్యాటరీ విప్పగానే, తల్లీకొడుకులు డబ్బాను ఇంటికి తెచ్చి, వేరే బ్యాటరీ తగిలించి, దేవుడి గూట్లో పెట్టారు. పసుపు, కుంకుమ, మందారప్పువ్వు. నేను నవ్వితే కళ్ళు పోతాయన్నారు.

అంతలో సముద్రం ఊసే లేని ఆస్కాలో మా ఆడపడుచు గృహప్రవేశం వచ్చింది. ఇంట్లో వదిలేస్తే ఛార్జింగ్ అయిపోయి ఆరిపోదూ? ‘‘ఒరే, ఎంట తీసుకెల్లరా’’ అంది అత్త. మా ఆయన బస్సులో డబ్బానీ బ్యాటరీనీ చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బరంపురం దాటి కాసేపటికి ఆఫీసు నుంచి ఫోన్.

‘‘నీ పడవ చెరకు తోటల్లో పోతోందేమిటయ్యా?’’

మర్నాడు మేమిద్దరం ఛత్రపూర్‌లో హాజరు. ఆఫీసరు మన తెలుగాయనే, కానీ మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. డబ్బాను ఊళ్ళో తిప్పుతూ, పడవను దొంగవేటకు పంపే ఘనులు ఉంటారట. ‘‘నిజం చెప్పు, పడవ ఏ సముద్రంలో ఉంది?’’ మా ఆయన నా వంక చూశాడు. పర్మిషన్ పోతే మా బతుకేం కాను? నాకు ఒళ్ళు మండింది.

‘‘ఏ సముద్రమేటి బాబూ! జెట్టీలో ఇంజను ఇప్పుకుని కూసుంది. వొచ్చి సూడండి!’’ అని అరిచాను.

వచ్చాడు. విప్పిన ఇంజను చూశాడు. తర్వాత మా ఇంట్లో బొట్టు పెట్టిన డబ్బా చూసి, నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తాడు. పర్మిషన్ ఉంచాడు గానీ, డబ్బాను పడవకే బిగించి సీలు వేయించాడు. దేవుడి గూడు బోసిపోయిందని అత్త ఇప్పటికీ ఆయన్ని తిడుతుంది.

ఇప్పుడు మా ఆయన దూరపు సముద్రంలో ఉన్నాడు. అక్కడికి ఫోన్ అందదు. గాలి ఎక్కువైన రోజు అత్త అన్నం ముట్టదు, నాకు కాలూచెయ్యీ ఆడదు. సిగ్గు విడిచి ఛత్రపూర్‌లో ఆ ఆఫీసరుకే ఫోన్ చేస్తాను.

‘‘బాబూ, ఎలుగుతోందా?’’

‘‘వెలుగుతోందమ్మా. ఆస్కా వైపు మాత్రం వెళ్ళలేదు.’’